మార్కుల కన్నా ముందు మనసును అడుగుదాం

విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జూలైలో మరణించింది. ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటా విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు. నలుగురిలో అవమానపరచకూడదు. తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలి.

ఈ ఆదేశాల అవసరం ఎంతటిదో జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారు. కారణాలు అనేకం. అన్నిటినీ పరీక్షలకే అంటగట్టలేం. అయితే తీర్పు కాలేజీ గేటు వరకే వెళ్లగలదు. ఇంట్లో పిల్లవాడి మాట వినే పని తల్లిదండ్రులదే.

హాస్టల్ నుంచి ఫోన్ రాగానే మనం మొదట అడిగేది ఏమిటి? వీక్లీ టెస్టులో ఎన్ని వచ్చాయని. పిల్లవాడు "భయంగా ఉంది నాన్నా" అంటే, "భయమెందుకు, ప్రార్థన చేసుకో" అంటాం. ఆ మాటలో తప్పు లేదు. కానీ వినకముందే అంటే, సంభాషణ అక్కడితో ముగిసిపోతుంది. తన దిగులు విశ్వాసలోపమేమోనన్న అపరాధభావం కూడా తోడవుతుంది.

ఏలీయా చనిపోవాలని కోరుకున్న రోజు దేవుడు అతణ్ని గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు, దూత చేత అన్నపానాలు పెట్టించాడు. తరువాత అతని గోడు విన్నాడు. పని అప్పగించింది ఆ తరువాతే (1 రాజులు 19). ఈ వరుస తల్లిదండ్రులకు మంచి పాఠం.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. రోజూ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి పిల్లలతో కూర్చోవాలి. చిన్నపిల్లలకు తమ భావానికి పేరు తెలియదు. "కోపమా, సిగ్గా, భయమా?" అని అడిగితే మాట దొరుకుతుంది. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అనడం మానాలి. మనం అనవసరంగా కోప్పడినప్పుడు పిల్లల దగ్గర క్షమాపణ అడగాలి. నిద్ర, తిండి తగ్గినా, బతకాలని లేదన్నా తేలికగా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితంగా, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. వైద్యం చేయించడం ప్రార్థనకు విరుద్ధం కాదు.

సంఘాలు కూడా తమను పరీక్షించుకోవాలి. ఫలితాలు వచ్చిన ఆదివారం ర్యాంకు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేస్తాం. తప్పిన పిల్లవాడు ఆ రోజు ఆరాధనకే రాడు. వచ్చినా చివరి వరుసలో తలవంచుకుని కూర్చుంటాడు. బ్యాచ్‌లుగా విడదీయవద్దని కోర్టు కాలేజీలకు చెప్పింది. మందిరంలో మనం చేస్తున్నదీ అదే కదా! ఈసారి ఫలితాల వారంలో కాపరులు, సండే స్కూల్ ఉపాధ్యాయులు మొదట ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాలని కోరుతున్నాం. అతని ముందు మార్కుల ప్రసక్తి తేవద్దు. భోజనానికి కూర్చుని, అతడు చెప్పేది వినండి.