నిల్వ కేంద్రాలపై డ్యాష్‌బోర్డు నిఘా: అంకెతో పాటు సమయమూ ముఖ్యమే

ఏలూరు: రొయ్యలు, ఉల్లి, ధాన్యం ఒకే డెల్టాలో నిల్వ అవుతున్నప్పటికీ వాటికి కావలసిన వాతావరణం ఒకటి కాదు. కొల్లేరు పరిసరాలలోను, తాడేపల్లిగూడెంలోను గిడ్డంగులు గల సంస్థలు అన్ని సెన్సార్ల రీడింగులను ఒకే డ్యాష్‌బోర్డుపై చూడదలచినప్పుడు ఈ తేడాను మొదట గమనించవలసి ఉన్నది.

ఘనీభవింపజేసిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు దిగువన ఉంచాలి. శీతలీకరణ లేని గిడ్డంగిలోని ఉల్లికి గాలిలో 65-70 శాతం తేమ అనుకూలం. ధాన్యం సేకరణకు నిర్ణయించిన 17 శాతం పరిమితి మాత్రం గింజలోని తేమకు సంబంధించినది, గాలిలోని తేమకు కాదు. రెండింటినీ తెరపై ‘తేమ’ అనే ఒకే పేరుతో చూపడం పొరపాట్లకు తావిస్తుంది.

అంతకన్న కీలకమైనది విద్యుత్తు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ వంటి తుపానుల వేళ కరెంటు, నెట్‌వర్కు ఒకేసారి నిలిచిపోవచ్చు. అప్పుడు శీతల గది వేడెక్కుతున్నా, కొన్ని డ్యాష్‌బోర్డులపై చివరిగా అందిన అంకె పచ్చరంగులోనే నిలిచి ఉంటుంది. సెన్సారుకు బ్యాటరీ, సొంత మెమరీ లేకపోతే ఆ గంటల రికార్డు కూడా దక్కదు. గది సగటు సైతం నమ్మదగినది కాదు. తలుపు దగ్గరి పెట్టెలు మెత్తబడుతున్నా సగటు పరిమితిలోనే కనిపించవచ్చు.

కాబట్టి తనిఖీకి వెళ్లే అధికారులు రీడింగు ఎప్పుడు అందినదో, రాత్రివేళ హెచ్చరిక ఎవరి ఫోనుకు చేరుతున్నదో, జనరేటరు ఎంతసేపటికి అందుకున్నదో విచారించవలసి ఉన్నది.