ముల్లు చూపే నీటికి మన ఊరి గుర్తు ఏది?

వానాకాలం వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నదీతీర గ్రామాలలో అందరి నోటా ఒకటే మాట. "జూరాలకు ఎంత వస్తున్నది? ఎన్ని గేట్లు ఎత్తినారు?" ఒకప్పుడు దీనికి జవాబు రేడియోలోనో, మరునాటి పత్రికలోనో దొరికేది. ఇప్పుడు సెల్‌ఫోను తెర మీదనే దొరుకుతున్నది. ప్రాజెక్టుల నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో, మండలాల వర్షపాతం వంటి లెక్కలను పరికరాలు తమంతట తామే కొలిచి పంపుతున్నవి. వాటిని కొన్నిచోట్ల రంగుల గుర్తులుగా, కొన్నిచోట్ల గీతలుగా, మరికొన్నిచోట్ల మోటారు సైకిలు స్పీడు మీటరు వంటి గుండ్రటి డయలు మీద ముల్లుగా చూపుతున్నారు.

ఇది సంతోషించదగిన విషయమే. కాని ఆ ముల్లు ఎవరి కోసం తిరుగుతున్నది? ఆఫీసులో కూర్చున్న ఇంజనీరుకు అది చాలు. ఒడ్డున మోటారు పెట్టుకున్న రైతుకు, పుట్టి వేసుకుని చేపలకు పోయేవానికి, నది నడుమ గడ్డల మీద గొర్రెలను మేపుకునే కాపరికి మాత్రం చాలదు. ముల్లు ఎంత చూపుతున్నదన్నది ఒక్కటే తెలిస్తే లాభం లేదు. అది ఎప్పటి లెక్క, ఆ లెక్కకు మన ఊరి దగ్గర నీరు ఎక్కడిదాకా వస్తుంది అన్న రెండు సంగతులు కూడా తెలియాలి. ఈ రెండూ చెప్పని అంకె వార్త అవుతుందే గాని హెచ్చరిక కాదు.

చిన్న పాత్ర, పెద్ద వరద

మన జూరాల సంగతే చూడండి. 1981లో శంకుస్థాపన జరిగి, 1990 దశకంలో వాడుకలోకి వచ్చిన ఈ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 1,045 అడుగులు, అంటే 318.516 మీటర్లు. నిల్వ సామర్థ్యం ఇప్పటి లెక్క ప్రకారం 9.657 టీఎంసీలు. ఎగువన కర్ణాటకలో ఆల్మట్టి 120 టీఎంసీలకు పైబడినది. దాని దిగువ నారాయణపూర్ 30 టీఎంసీలకు పైబడినది. నారాయణపూర్ నుంచి వదిలిన కృష్ణ నీరు, దానితోపాటు మహారాష్ట్ర నుంచి దిగివచ్చే భీమా నీరు కలిసి జూరాలకు చేరుతాయి.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల నీరు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు అవుతుంది. అంటే ఖాళీ జూరాల అయినా లక్ష క్యూసెక్కులకు 27 గంటలలో నిండిపోతుంది. మూడు లక్షలు వస్తే తొమ్మిది గంటలు చాలు. నిండిన తరువాత వచ్చిన నీటిని వచ్చినట్లే కిందికి వదలక తప్పదు. కనుక మన ఒడ్డున ఉన్నవారికి జూరాల గేట్ల వార్త ఆలస్యపు వార్త కిందనే లెక్క. నారాయణపూర్ దగ్గర, భీమా మీద ముల్లు కదిలినప్పుడే మనకు ముందు కబురు అందినట్లు.

జూరాలకు దిగువన కృష్ణ నడుమ ఉన్న గుర్రంగడ్డ వాసులకు ఇది బాగా తెలుసు. పుట్టి మీదనో, పడవ మీదనో ఆధారపడిన కాలంలో గేట్లు ఎత్తిన ప్రతిసారీ వారికి రాకపోకలు తెగిపోయినవి. బియ్యం, మందులు ముందుగా తెచ్చుకోవాలన్నా, నిండు చూలాలిని ఒడ్డు దాటించాలన్నా వారికి కావలసింది కొన్ని గంటల వ్యవధి. ఆ వ్యవధి ఎగువనున్న పరికరంలో దాగి ఉన్నది.

2009 నేర్పిన పాఠం

2009 అక్టోబరు మొదటి వారాన్ని అలంపురం ప్రాంతం మరువలేదు. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే పొంగినవి. అక్టోబరు 2న కర్నూలు పట్టణం నీట మునిగింది. రాజోలి వంటి తుంగభద్ర ఒడ్డు గ్రామాలు ఇళ్లు, మగ్గాలు కోల్పోయినవి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం గల జలాశయం 896 అడుగులకు చేరింది. వెనుక జలాలు ఎక్కిరావడంతో నది కిందికి పోలేక పల్లెల మీదికి తిరిగింది.

ఆనాడు అంకెలు బొత్తిగా లేకపోలేదు. ఆఫీసులలో ఉన్నవి, రికార్డులలో ఉన్నవి. ఆ అంకె పెరిగితే మా వీధిలోకి నీరు ఎప్పుడు వస్తుంది అన్న మాట మాత్రం ఊరికి చేరలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్లలో జనం మళ్లీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. పదిహేనేళ్లలో ఫోను మారింది, తెర మారింది, ప్రశ్న మాత్రం మారలేదు. "మన దగ్గరికి ఎంత ఎత్తు వస్తుంది?"

పరికరం ఎట్లా కొలుస్తుంది?

ఈ పరికరాల పని తెలుసుకుంటే వాటి బలమూ, బలహీనతా తెలుస్తుంది. వంతెన కింద అమర్చిన రాడార్ పరికరం నీటి మీదికి తరంగాన్ని పంపుతుంది. అది తగిలి తిరిగివచ్చే సమయాన్ని బట్టి నీరు ఎంత దూరాన ఉన్నదో లెక్కిస్తుంది. నీటి అడుగున ఉంచే మరో రకం పరికరం పైనున్న నీటి బరువును బట్టి లోతు చెబుతుంది. ప్రవాహాన్ని చాలాచోట్ల నేరుగా కొలవరు. నీటిమట్టాన్ని బట్టి, గేటు ఎత్తిన కొలతను బట్టి పట్టిక వేసి క్యూసెక్కులుగా మారుస్తారు. వాన కొలిచే యంత్రంలో రెండు చిన్న దొప్పలు ఉంటాయి. ఒకటి నిండితే ఒరిగి, రెండవది గరాటు కిందికి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగినదో అంత వాన. ఈ లెక్కలు సెల్ టవరు ద్వారానో, ఉపగ్రహం ద్వారానో కార్యాలయానికి చేరి తెర మీద ముల్లును కదిలిస్తాయి.

ఇందులో ఏ ఒక్కటి తెగినా ముల్లు ఆగుతుంది. గరాటులో ఆకు పడవచ్చు. సాలెగూడు అల్లవచ్చు. నాలుగు రోజుల ముసురుకు సోలారు బ్యాటరీ దిగిపోవచ్చు. గాలివానకు కరెంటు పోయి టవరు మూగపోవచ్చు. చిత్రమేమంటే, మనకు అత్యవసరమైన రాత్రిలోనే ఇవన్నీ జరగడానికి ఎక్కువ వీలున్నది. అప్పుడు ముల్లు చివరి అంకె దగ్గర నిలిచి "అంతా మామూలే" అన్నట్లు కనపడుతుంది. లేదా సున్నాకు పడిపోయి "వాన లేదు" అంటుంది. వాన లేకపోవడం వేరు, వాన సంగతి తెలియకపోవడం వేరు. ఆగిన గడియారం గోడకు ఉంటే ఎవరైనా ఒకసారి చెవి పెట్టి చూస్తారు. తెర మీద ఆగిన ముల్లును ఎట్లా పసిగట్టాలి?

అందువల్ల ప్రతి ముల్లు కింద లెక్క తీసిన తేదీ, సమయం పెద్ద అక్షరాలతో ఉండాలి. అనుకున్న వ్యవధిలో కొత్త లెక్క రాకపోతే డయలు రంగు పోయి బూడిదగా మారాలి. "సమాచారం అందలేదు" అని తెలుగులో కనపడాలి. ఇది కోట్ల ఖర్చుతో కూడిన పని కాదు. తెర తయారుచేసేవారు తలచుకుంటే అయ్యే పని.

ఎవరి భాష, ఎవరి కొలత?

రెండవ చిక్కు కొలతలది. కేంద్ర జలసంఘం నీటిమట్టాన్ని సముద్రమట్టం నుంచి మీటర్లలో చెబుతుంది. ప్రాజెక్టు దగ్గర అడుగులలో మాట్లాడుతారు. ప్రవాహం ఒకచోట క్యూసెక్కులు, మరొకచోట క్యూమెక్కులు. ఒక క్యూమెక్కు 35 క్యూసెక్కులకు పైనే. పైగా ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. చదువుకున్న కుర్రవాడు కూడా 318 మీటర్లు అంటే తన చేను గట్టుకు ఎంత దిగువో చెప్పలేడు.

జలసంఘం తన కేంద్రాలకు హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం, ఇంతవరకు నమోదైన అత్యధిక వరద మట్టం అని మూడు గుర్తులు పెట్టుకున్నది. పద్ధతి మంచిదే. అదే పద్ధతిని ప్రతి నదీతీర గ్రామానికి దించవలసి ఉన్నది. మోటార్లు పైకి తీయవలసిన మట్టం, రేవు మూసివేయవలసిన మట్టం, 2009లో నీరు వచ్చిన మట్టం అనే మూడు గుర్తులను బీచుపల్లి వంతెన కానా మీదనో, ఊరి గుడి మెట్ల మీదనో రంగుతో గీయాలి. వాటినే డయలు మీద కూడా చూపాలి. అప్పుడు ముల్లు పసుపు గీత దాటిందంటే అర్థం చెప్పేవారు అక్కరలేదు.

వాగులకూ, కాలువలకూ

ఇది కృష్ణ ఒడ్డుకే పరిమితమైన సంగతి కాదు. నాగర్‌కర్నూలు ప్రాంతంలో దుందుభి మీద, చిన్న వాగుల మీద ఉన్న కాజ్‌వేలు ఎగువన రెండు గంటల వానకే మునుగుతాయి. రాష్ట్రంలో అభివృద్ధి ప్రణాళికా సొసైటీ ఆధ్వర్యాన వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వాన లెక్క పంపుతున్నవి. ఎగువ మండలంలో ఎంత పడితే దిగువ కాజ్‌వే మూయాలో ఒకసారి తేల్చి రాసిపెడితే, బస్సు డ్రైవరు, బడిపిల్లల తండ్రి ముందే జాగ్రత్త పడతారు.

కరువు కాలంలోనూ ఈ ముల్లు అవసరమే. రాజోలిబండ మళ్లింపు పథకం కింద మన వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. ఆనకట్ట కర్ణాటకలో, చివరి భూములు అలంపురంలో. చివరి రైతుకు ఎన్నో ఏళ్లుగా కాలువ కన్నా వాగ్దానాలే నిండుగా పారినవి. సరిహద్దు దగ్గర కాలువలోకి ఇప్పుడు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నవో అందరి తెర మీదా కనపడితే, నీరు ఎక్కడ ఆగుతున్నదన్న వాదన సగం తీరుతుంది. దాచిన అంకె అనుమానాన్ని పెంచుతుంది. అందరూ చూసే అంకె తగవును తగ్గిస్తుంది.

ఇతర దేశాల తీరు

అమెరికాలో భూవిజ్ఞాన సర్వే సంస్థ వేలాది చోట్ల నదుల మట్టాన్ని, సాధారణంగా ప్రతి పావుగంటకు ఒక లెక్క చొప్పున ప్రజలకు చూపుతున్నది. సరిచూడని లెక్కలను "తాత్కాలికం" అని బాహాటంగా గుర్తు పెడుతుంది. ఇంగ్లండులో నీటిమట్టంతో పాటు అక్కడ మామూలుగా ఉండే హద్దు, ఇంతవరకు వచ్చిన గరిష్ఠ మట్టం, లెక్క తీసిన సమయం చూపుతారు. తెలియనిది తెలియదని చెప్పడం ఆ సంస్థలకు చిన్నతనం కాలేదు. మనకు మాత్రం ఎందుకు కావాలి?

జనం భయపడతారా?

పచ్చి అంకెలు జనం ముందు పెడితే గాభరా పడతారని కొందరి వాదన. నిజానికి గాభరా పుట్టేది అంకె వల్ల కాదు, అంకె లేకపోవడం వల్ల. ఎవరో పాత వీడియో పంపితే గేటు కొట్టుకుపోయిందని ఊరు ఊరంతా లేచి కూర్చునేది సరైన లెక్క చేతిలో లేనప్పుడే. వరద సమయంలో అధికారులు గ్రామాలకు ఫోను చేస్తున్నారు, దండోరా వేయిస్తున్నారు గదా అని మరో వాదన. ఆ పని మెచ్చదగినదే. కాని దండోరా వేసేవానికి కూడా ఏ అంకె దగ్గర డప్పు అందుకోవాలో ముందే తెలిసి ఉండాలి.

యంత్రాన్నే నమ్ముకుని మనిషిని తీసివేయడం కూడా పొరపాటే. రాడార్ ఉన్న ప్రతిచోటా కానా మీద అడుగుల గీతలు ఉండాలి. రోజుకు రెండు పూటలు, వరదలో గంటకోసారి కంటితో చూసి పరికరంతో పోల్చేందుకు అదే ఊరి మనిషికి జీతమిచ్చి నియమించాలి. రెండింటికీ తేడా వస్తే మరమ్మతు అవసరమని అప్పుడే తెలుస్తుంది. స్మార్ట్‌ఫోను లేని ముసలివారి కోసం పంచాయతీ కార్యాలయం దగ్గర బోర్డు మీద ఆనాటి మట్టం, సమయం సుద్దముక్కతో రాయాలి. అదే లెక్కను మైకులో చదివించాలి.

మూడు జిల్లాల కలెక్టర్లు, నీటిపారుదల ఇంజనీర్లు వచ్చే వానాకాలానికి ముందే ఒక్కసారి కలిసి కూర్చుంటే ఈ పని మొదలవుతుంది. నారాయణపూర్‌లో వదిలిన నీరు ఏ ఊరికి ఎన్ని గంటలలో చేరుతున్నదో పాత వరదల రికార్డులు తీసి పట్టిక వేయాలి. 2009లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూపగలవారు ప్రతి ఊరిలో ఇంకా ఉన్నారు. వారిని వెంటబెట్టుకుని గీత గీయించాలి. ఆ తరం పోతే ఆ గుర్తు కూడా పోతుంది. పరికరాలు పెట్టడానికి డబ్బు ఎట్లాగూ ఖర్చయింది. దాని ఫలితం ఒడ్డుదాకా చేర్చడానికి కావలసింది కొంచెం రంగు, కొంచెం తెలుగు, కొంచెం శ్రద్ధ.