పనికి పోవడానికే ఆరు రోజుల పని



ఈ కాగితం మీ చేతికి వచ్చేసరికి మీరు బస్టాపులోనే నిలబడి ఉంటారు. బస్సు ఎట్లాగూ ఇప్పుడే రాదు. చదవండి.

నేను గాజులరామారంలో ఉంటాను. డ్యూటీ గచ్చిబౌలి అవతల, ఒక పెద్ద ఆఫీసు టవరు గేటు దగ్గర. సెక్యూరిటీ. ఏడింటికి మెషీన్ మీద వేలు పెట్టాలంటే నాలుగున్నరకి లేవాలి. రెండు బస్సులు మారాలి, ఆ తర్వాత షేర్ ఆటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బస్సులకి పోను 40, రాను 40. ఆటోకి పోను 20, రాను 20. రోజుకి 120 రూపాయలు. నెలకి 26 డ్యూటీలు. మొత్తం 3,120.

నా చేతికొచ్చే జీతం 13,000. అంటే రోజుకి 500 పడ్డట్టు. ఇప్పుడు లెక్క మీరే వేయండి. నెల మొదట్లో ఆరు రోజులు నేను చేసే డ్యూటీ ఇంటికి బియ్యం తేదు, కిరాయి కట్టదు, పిల్లల ఫీజు కట్టదు. మిగిలిన ఇరవై రోజులు డ్యూటీకి పోగలగడానికే ఆ ఆరు రోజులు డ్యూటీ చేస్తున్నాను.

"పాస్ తీసుకోవచ్చుగా" అంటారు, తెలివైనవాళ్లు. తీసుకోవచ్చు. సిటీ ఆర్డినరీ నెల పాస్ 1,150 ఉండేది, 2025 జూన్‌లో 1,400 చేశారు. ఆటో 1,040 కలిపితే 2,440. నెలకి 680 మిగులుతుంది. బాగానే ఉంది. కానీ 1,400 ఒక్కసారే తీసి ఇవ్వాలి. ఏజెన్సీవాళ్లు జీతం వేసేది పదో తారీఖున, ఒక్కోసారి పదిహేనున. చట్టం ప్రకారం ఏడో తారీఖు దాటకూడదు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. ఒకటో తారీఖున జేబులో రెండొందలుంటే పాస్ ఎవడిస్తాడు? అందుకే రోజుకింత చొప్పున చిల్లర తీసి టికెట్టు కొంటున్నాం. డబ్బు లేనివాడికే ప్రయాణం ఖరీదెక్కువ. ఆ టికెట్ల మీద కూడా 2025 అక్టోబరు నుంచి మొదటి మూడు స్టేజీలకి ఐదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు పెంచారు. మెట్రో ఎక్కుదామంటే దూరాన్ని బట్టి 69 రూపాయల దాకా ఉంది, అదీ ఒక వైపుకి. బండి కొన్న తమ్ముళ్లని అడగండి. లీటరు పెట్రోలు 107 దాటింది. రోజుకి లీటరు పోస్తే నెలకి 2,800, కిస్తీ వేరే, చలానా వేరే.

ఇక గంటల లెక్క. పోను రాను మూడున్నర గంటలు. నెలకి 91 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చెప్పాలంటే పదకొండు రోజులు. వాటికి జీతం లేదు. (మనది పన్నెండు గంటల డ్యూటీ. ఎనిమిది దాటిన నాలుగు గంటలకి రెట్టింపు ఇవ్వాలి కదా అని అడిగేవాళ్లు ఆగండి, దానికి ఇంకో కరపత్రం వేస్తాం.)

మొన్న వానలో మా బస్సు కూకట్‌పల్లి దాటడానికే గంట పట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి, ఆటో పట్టుకుని గేటు చేరేసరికి 7:11. పదకొండు నిమిషాలు. సూపర్‌వైజరు హాఫ్ డే రాశాడు. 250 పోయింది. పోయిందే పోయింది, ఇంటికి తిరిగి పొమ్మన్నాడా అంటే లేదు, రాత్రి ఏడింటి దాకా గేటు దగ్గర నిలబెట్టాడు. అదే రోజు అదే వానలో లోపలి ఇంజనీర్ల క్యాబులు గంట ఆలస్యంగా వచ్చాయి. వాళ్లకి కోత పడాలని నేననడం లేదు. వాన అందరికీ ఒకటే కదా అంటున్నాను. ఆ క్యాబులు వచ్చినప్పుడు గేటు ఎత్తేది నేనే. ఏడు సీట్ల బండిలో ముగ్గురో నలుగురో ఉంటారు. ఖాళీ సీట్లని రోజూ లెక్కపెడతాను, వేరే పనేముంది.

మరి ఈ ప్రయాణ ఖర్చు మన జీతం లెక్కలో ఎక్కడుంది? అసలు కనీస వేతనం ఎంతని ఎట్లా తేలుస్తారో చూద్దాం.

1957లో దిల్లీలో 15వ భారత కార్మిక సమావేశం జరిగింది. ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కూర్చుని ఒక లెక్క ఒప్పుకున్నారు. కార్మికుడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి మూడు యూనిట్లు. (ఆడమనిషిని 0.8 కింద కట్టారు. ఆ గొడవ మా ఇంట్లో చెబితే ఏమైందో రాయను.) ఒక్కో యూనిట్‌కి రోజుకి 2,700 క్యాలరీల తిండి. కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. ఇంటి కిరాయి. వంట చెరకు, దీపం, చిల్లర ఖర్చులు కలిపి 20 శాతం. తర్వాత రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, ముసలితనం, పెళ్లిళ్ల కోసం ఇంకో 25 శాతం కలపమంది. గజాల లెక్కన బట్ట కొలిచారు, క్యాలరీల లెక్కన అన్నం కొలిచారు. బస్సు మాత్రం ఎక్కడా విడిగా లేదు. ఆ చిల్లర ఖర్చుల మూటలో ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టెతో పాటు దూరి కూర్చోవాలి.

వాళ్లని తప్పు పట్టలేం. అప్పటి ఊరు వేరు. ఫ్యాక్టరీ పెట్టినవాడే పక్కన క్వార్టర్లు కట్టేవాడు, దూరంగా ఉండేవాళ్లకి బస్సు నడిపేవాడు. మనం రోజూ దాటే స్టాపుల పేర్లే చూడండి: ఐడీపీఎల్ కాలనీ, ఆల్విన్ కాలనీ, హెచ్ఎంటీ, బీహెచ్ఈఎల్. కంపెనీ పేరు మీద కాలనీలు. మరి ఇప్పుడు మీ ఏజెన్సీ పేరు మీద కాలనీ ఉందా? కనీసం బస్టాపు ఉందా? పని ఒక వైపు పోయింది, చవక కిరాయి ఇంకో వైపు పోయింది. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించారు. ఇల్లు మంచిదే. కానీ నగరం నడిబొడ్డున నాలుగిళ్లలో అంట్లు తోముకుని బతికే అక్కకి అక్కడ తాళం చెవి ఇస్తే, ఆ నాలుగిళ్ల దాకా మోసుకుపోయేది ఎవరు?

1957 నుంచి ఇప్పటికి ఊరు ఎంతో పెరిగింది, లెక్క అక్కడే ఉంది. 2020లో కేంద్రం కొత్త వేతన కోడ్‌కి ముసాయిదా నిబంధనలు రాసినప్పుడు 72 గజాల్ని 66 మీటర్లు చేసింది. గజం మీటరైంది. బస్సు ఛార్జీకి మళ్లీ విడిగా చోటు దొరకలేదు.

ఇంకో విచిత్రం వినండి. 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. ఇంటి నుంచి పనికి పోయే దారిలో గానీ, వచ్చే దారిలో గానీ ప్రమాదం జరిగితే, దానికీ పనికీ సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్క. మంచి సవరణ. మన ఇంటివాళ్లకి అందరికీ చెప్పి పెట్టండి. అయితే చట్టం దృష్టిలో ఆ దారిలో కాలు విరిగితే మనం డ్యూటీలో ఉన్నట్టు. కాలు బాగుండి క్షేమంగా చేరితే మాత్రం ఆ దారి మన సొంత షికారు.

అక్కలకి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి మీకు బస్సు ఉచితం. నా భార్య జీడిమెట్లలో కుట్టుపనికి పోతుంది. జీరో టికెట్టు మొదలైన నెల మా ఇంట్లో అదనంగా ఒక పాల ప్యాకెట్టు మొదలైంది. ఏ యజమానీ ఇవ్వని ఇంక్రిమెంటు అది. కానీ వాళ్ల యూనిట్లో జీతం పెంచమని అడిగితే వచ్చిన జవాబు, "బస్సు ఫ్రీయే కదమ్మా, ఇంకా ఎందుకు?" సర్కారు మన జేబులో వేసిన డబ్బుని యజమాని తన ఖాతాలో రాసుకుంటున్నాడు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఇదే పథకం వచ్చింది. విజయవాడ, విశాఖల్లో పనిచేసే అక్కలూ ఈ మాట వినే రోజు దగ్గర్లోనే ఉంది, ముందే జవాబు సిద్ధం చేసుకోండి.

జవాబు చట్టంలోనే ఉంది. 1948 కనీస వేతనాల చట్టంలోనూ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లోనూ 'వేతనం' అన్న మాటకి అర్థం రాసినచోట ప్రయాణ భత్యాన్ని బయట పెట్టారు. అంటే ప్రయాణ భత్యం ఇస్తే అది కనీస వేతనం పైన ఇవ్వాల్సిందే, దానిలో కలిపి చూపించేది కాదు. మీ పే స్లిప్పు తీసి చూడండి. బేసిక్ తగ్గించి, 'కన్వేయన్స్' అని ఒక గడిలో వెయ్యో పదిహేను వందలో వేసి, అంతా కలిపితే కనీస వేతనం అవుతుందని చూపిస్తుంటే అది మోసం. మీ రంగానికి బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఎంతో లేబర్ ఆఫీసులో కాగితం ఉంటుంది. వీడీఏ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. ఆ రెండూ కలిపిన అంకెతో సరిచూడండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ఆ పని ఇచ్చిన అసలు కంపెనీది. "నాకు తెలియదు, ఏజెన్సీని అడుగు" అని అది తప్పించుకోలేదు.

ప్రయాణ ఖర్చు యజమాని చేత పెట్టించడం సాధ్యమా అంటారా? బ్రెజిల్‌లో 1985లో చట్టం తెచ్చారు. కార్మికుడి మూల వేతనంలో 6 శాతం దాటిన బస్సు ఖర్చు యజమాని పెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో పాస్ డబ్బుల్లో సగం యజమానివి. నా 13,000 మీద 6 శాతమంటే 780. ఇప్పుడు కడుతున్నది 3,120.

మనం అడగబోయేది ఇదీ. కనీస వేతనాలు సవరించేటప్పుడు ప్రయాణ ఖర్చుని తిండి, బట్ట, కిరాయిల పక్కన విడిగా లెక్కగట్టాలి. ముసాయిదా అచ్చయ్యాక అభ్యంతరాలు చెప్పడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఆ గడువులో యజమానుల సంఘాలు టైపు కొట్టించిన కాగితాలు పంపుతాయి. మన వైపు నుంచి ఏం పోతుంది? "కష్టంగా ఉంది సార్" అన్న మాట ఫైల్లో నిలవదు. అంకె నిలుస్తుంది. అలాగే టెండరు పిలిచే కంపెనీ కార్మికుల రవాణాని టెండర్లోనే రాయాలి, లేదా ఖాళీగా తిరిగే ఆ క్యాబుల్లో మనకి సీటివ్వాలి. బస్సు ఆలస్యమైన రోజు పావుగంట దాకా కోత ఉండకూడదు. షిఫ్టు మొదలయ్యే వేళకి చేర్చే బస్సు కోసం డిపో మేనేజరుకి సంతకాలతో అర్జీ ఇస్తాం. ఏ స్టాపులో ఎందరం, ఏ టైముకో రాసిస్తే కాదనడం వాళ్లకీ కష్టం.

అందుకే ఈ కాగితాన్ని తిప్పి చూడండి. వెనక 26 గడులు గీశాం. ప్రతి గడిలో నాలుగే రాయాలి: ఇంట్లోంచి బయల్దేరిన టైము, గేటు చేరిన టైము, బస్సుకి ఎంత, ఆటోకి ఎంత. కోత పడిన రోజు పక్కన ఎర్ర చుక్క పెట్టండి. టికెట్లు కూడా దాచండి. కానీ వాటినే నమ్ముకోకండి. నేను ఒక నెల టికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో వేసి గోడకి తగిలించాను. తీసి చూస్తే పాతవాటి మీద అక్షరం మిగల్లేదు, తెల్ల కాగితాలు. పెన్నుతో రాసిందే ఉంటుంది. రాయడం రానివాళ్లు పిల్లలతో రాయించండి. పేరు వేయడానికి భయమైతే స్టాపు పేరు వేయండి చాలు.

నెల నిండాక వచ్చే ఆదివారం పొద్దున పదకొండింటికి షాపూర్‌నగర్ బస్టాపు దగ్గర కలుద్దాం. ఆదివారం డ్యూటీ పడినవాళ్లు నింపిన కాగితాన్ని పక్కింటివాళ్ల చేతికిచ్చి పంపండి. రావడానికి ఛార్జీ లేనివాళ్లు ఈ కాగితం పంచిన మనిషికి ముందురోజే చెప్పండి. మాలో ముగ్గురికి బండ్లున్నాయి, వచ్చి ఎక్కించుకుంటాం. ఆ రోజు అయిన ఖర్చు కూడా ఇరవై ఏడో గడిగా కింద రాసుకోండి.

ఈ దారినే రోజూ పోయి వచ్చే కొందరు కార్మికులం