పట్టణముల గాలి

గాలిని కాపాడు చట్టములు వ్రాయుట యే పట్టణమునకైనను సులభమే. ఏది తన శ్రమకు దగిన ఫలము పొందెనో చూడవలెనని మా యభిప్రాయము.

1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గుపొగ కలిసిన మంచు ఐదు దినములు కప్పివేసెను. మృతులు 4,000 మంది యని మొదట లెక్కించిరి. తరువాతి పరిశోధకులు 12,000 వరకు చెప్పిరి. 1956లో పార్లమెంటు శుభ్రవాయు చట్టమును చేసెను. పొగరాని మండలముల నేర్పరచుటయే గాక, ఇండ్లలో చలికాచుకొను బొగ్గుపొయ్యిలను మార్చుటకగు వ్యయములో పదింట ఏడు వంతులు ప్రజాధనమునుండి యిప్పించిరి. బీదవాని పొయ్యి నార్పుమని చెప్పి యూరకుండలేదు. ఈ చట్టమునందు మాకు మిక్కిలి నచ్చినది యిదియే.

ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998లో ఆజ్ఞాపింపగా, 2002 చివరకు నగరపు బస్సులన్నియు సి.ఎన్.జి.తో నడువసాగెను. ఇది చిన్న పని కాదు. అయినను వాహనములు పెరిగి పొగ మరల వచ్చెను. పొరుగు రాష్ట్రములలో కాల్చు వరికొయ్యల పొగకు ఎల్లలేవి? ఆ రాష్ట్రములను గూడ కలుపుకొను వాయునాణ్యతా సంఘమునకు పార్లమెంటు చట్టము 2021లో గాని రాలేదు.

బీజింగు 2013లోనే పొరుగు ప్రాంతములను కలుపుకొనెను. ఘనపు మీటరు గాలిలో 89 మైక్రోగ్రాములకు మించిన సూక్ష్మధూళి 2021 నాటికి 33కు దిగెను. దానినే ప్రథమశ్రేణిలో నిలుపుదుమా? 2017 చలికాలమున పొరుగుననున్న హెబేయిలో, బదులు ఏర్పాటు పూర్తికాకమునుపే బొగ్గు మాన్పించుటచే, కొన్ని బడుల పిల్లలు వెచ్చదనమునకై ఆరుబయట ఎండలో కూర్చుండి చదువుకొనిరి. మా లెక్కలో ఆ చలియు చేరినది.