తుఫాను నెలలు తెలిసినవే – నష్టం మాత్రం కూలీ నెత్తినా?

బంగాళాఖాతం తుఫాన్లకు ఒక లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రం కాగినప్పుడు ఒక కారు. నైరుతి వెనక్కు మళ్లాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండో కారు. నడుమ జులై, ఆగస్టుల్లో వాయుగుండాలే ఎక్కువ. పైగాలి, కిందిగాలి చెరో దిక్కుకు లాగడంతో అవి ముదిరి తుఫాన్లు కావడం అరుదు. అన్నిటిలోకీ గడ్డు నెల నవంబరు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాదిమందిని మింగింది. 1990 మేలో కృష్ణా తీరం, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు విశాఖ, 2023 డిసెంబరులో మిచాంగ్‌కు బాపట్ల. ఏళ్లు మారాయి గాని నెలలు మారలేదు.

హెచ్చరికలు ముందే అందుతున్నాయి, జనాన్ని తరలిస్తున్నారు, ప్రాణనష్టం బాగా తగ్గింది. సంతోషమే. కాని చేనును ఎత్తుకెళ్లి తుఫాను షెల్టర్లో పెట్టలేం కదా! సార్వా వరి కంకి బరువెక్కి నిలబడేదీ, పనలు పొలంలో పడి ఉండేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. కాలువకు నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం. నాట్లు ఆలస్యమైతే కోత తుఫాను నోట్లో పడినట్టే. అందుకే 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే నీరు వదిలారు. ఒక ఏడు చేయగలిగింది ప్రతి ఏడూ ఎందుకు చేయరాదు?

సముద్రానికి ఇంత దూరాన నిజాంపేటలో ఉన్నవాళ్లకు ఈ గొడవ దేనికని అనుకోవద్దు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటితే ఆ రాత్రే హైదరాబాదు మునిగింది. 2025 అక్టోబరు చివర మొంథా ఆంధ్రతీరం దాటితే వరంగల్లులో వరద పారింది. నిజాంపేట బండారి లేఅవుట్‌ను 2016 సెప్టెంబరు వానలే ముంచాయి. చెరువు దారి మూసి ఇళ్లు కడితే నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊళ్లో చేను మునిగితే పని కరువై కూలీ ఇక్కడికొచ్చి అడ్డా మీద నిలబడతాడు. ఇక్కడా ముసురు పడితే ఆ పూట కూలీ పోయినట్టే.

పంటనష్టం హెక్టార్ల లెక్కన కడతారు. సెంటు భూమి లేనివాడు ఏ హెక్టారులో కనపడతాడు? కౌలుదారు పెట్టుబడి పెడతాడు, పరిహారమేమో పాసుపుస్తకం ఉన్నవాడికి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు కార్డుకు భూయజమాని సమ్మతి అడిగింది. కౌలు మాట కాగితం మీద పెట్టడానికే జంకే యజమాని సంతకం పెడతాడా?

కాబట్టి అడగవలసినవి స్పష్టమే. జూన్ మొదట్లోనే కాలువ నీరు. ఎండాకాలంలోనే మురుగు కాలువల్లో పూడికతీత. సాగు చేసినవాడి చేతికే పరిహారం. పని పోయిన రోజులకు కూలీ భృతి. పట్నంలో చెరువులకు, నాలాలకు వాటి జాగా వాటికి.

తుఫానును ఆపడం ఎవరితరమూ కాదు, నిజమే. దాని నెల తెలిసి కూడా చేతులు ముడుచుకు కూర్చోవడం మాత్రం ప్రకృతి వైపరీత్యం కాదు, పాలకుల నిర్వాకం. గ్రామసభల్లో ఈ మాట నవంబరులో చేను మునిగాక కాదు, ఏప్రిల్లోనే ఎత్తుదాం.