పోయిన వేడి లెక్క

ఇంగ్లండ్‌లోని కల్హామ్‌లో 1983 నుంచి 2023 దాకా నడిచిన జెట్ టోకమాక్ (అయస్కాంతాలతో ప్లాస్మాను బంధించే కేంద్రక సంలీన యంత్రం) పేరెత్తితే అందరూ చెప్పేది చివరి ఏడాది సాధించిన 69 మెగాజౌళ్ల సంలీన శక్తి రికార్డు గురించే. నా మటుకు నాకు మనం అక్కడి నుంచి ముందుగా నేర్చుకోవాల్సింది వేరే ఉంది: ప్లాస్మా నుంచి కాంతిగా, అతినీలలోహిత, ఎక్స్ కిరణాలుగా పోయిన వేడికి వాళ్లు లెక్క కట్టిన తీరు.

ఆ కిరణాలను పట్టే పరికరం బోలోమీటర్. కొన్ని మైక్రాన్ల మందమున్న బంగారు రేకు, దాని వెనక సన్నటి నిరోధకం. కిరణాలు పడి రేకు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. పక్కనే కిరణాలు తగలకుండా కప్పిన మరో రేకు ఉంటుంది. రెండింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జిలో కలిపి తేడా చూస్తారు. మనం ఇంటర్‌లో చదువుకున్న బ్రిడ్జే! ఒక్కో రేకు ఒక్క గీత వెంబడి మొత్తాన్నే చెబుతుంది కాబట్టి, అనేక గీతలను అడ్డదిడ్డంగా పోనిచ్చి, ఏ చోటు ఎంత మెరుస్తోందో సీటీ స్కాన్ పద్ధతిలో గణిస్తారు.

2011లో జెట్ లోపలి కార్బన్ పలకలు తీసి బెరీలియం, టంగ్‌స్టన్ పెట్టాక ఈ లెక్క విలువ మరింత పెరిగింది. టంగ్‌స్టన్ నడిమధ్యకు చేరితే అంత వేడిలోనూ ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోవు. అది మెరుస్తూ ప్లాస్మాను చల్లార్చేస్తుంది. అదే మెరుపు అంచున ఉంటే మేలు. అందుకే నైట్రోజన్, నియాన్ వాయువులు కావాలనే వదిలి, పలకల మీద పడే వేడిని ముందే చెదరగొడతారు. ఎంత పోయిందన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ పోయిందో తెలియాలి.

గాంధీనగర్ దగ్గరి ఆదిత్య టోకమాక్‌లో ఈ పనికి ఫొటోడయోడ్లు వాడారు. అవి మైక్రోసెకన్లలో స్పందిస్తాయి. కానీ తక్కువ శక్తి గల ఫోటాన్ల దగ్గర వాటి సున్నితత్వం పడిపోతుంది, తటస్థ కణాలు మోసుకొచ్చే శక్తి వాటికి సరిగా అందదు. చిన్న యంత్రాల్లో అంచు చల్లగా ఉంటుంది గనుక ఈ లోటు అక్కడే ఎక్కువ. జర్మనీలోని గార్షింగ్‌లో ఆస్డెక్స్ అప్‌గ్రేడ్ టోకమాక్ బృందం రెండూ ఉంచుకుంది: వేగానికి డయోడ్లు, నికరమైన కొలతకు రేకులు. ఇదే సరైన దారి.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ టోకమాక్‌లో భారత్ భాగస్వామి. దాని గోడకు ఇప్పుడు టంగ్‌స్టన్‌నే ఎంచుకున్నారు. అక్కడా ఈ లెక్క తప్పదు, కాబట్టి మన ఇంజనీరింగ్, ఫిజిక్స్ విద్యార్థులు రియాక్టర్ కట్టడంతో పాటు కొలత పరికరాల పనినీ ఎంచుకోవాలి. అందులో చేరేవాళ్లు మనకు చాలామంది కావాలి.