ఒక మీటరు దూరం



మా ఇంట్లో ఒక పాత ఫిల్ము కెమెరా ఉంది. పేరు ఒలింపస్ ట్రిప్ 35. జపాన్‌కు చెందిన ఒలింపస్ కంపెనీ దీన్ని 1967లో మొదలుపెట్టి 1984 వరకు అమ్మింది. సెలవులకు ఊళ్లు తిరిగే మామూలు మనుషులు సులువుగా వాడుకోవాలని చేసిన కెమెరా గనుక ఆ పేరు.

దీనికి బ్యాటరీ అక్కర్లేదు. లెన్సు చుట్టూ తేనెపట్టులా కనబడే వలయం ఉంటుంది, దాని వెనుక సెలీనియం సెల్. వెలుతురు పడితే అందులో కొద్దిపాటి కరెంటు పుట్టి లోపలి ముల్లు కదులుతుంది. ముల్లు నిలిచిన చోటును బట్టి ఎంత వెలుతురు లోపలికి రానివ్వాలో కెమెరాయే చూసుకుంటుంది. వెలుతురు చాలకపోతే మాత్రం ఎంత నొక్కినా ఫొటో పడదు. కన్నుపెట్టి చూసే కిటికీలో ఎర్రటి నాలుక ఒకటి పైకి లేస్తుంది. ఫిల్ము వృథా కాదు.

లెన్సు 40 మిల్లీమీటర్లది. ఊడదీయలేము, మార్చలేము, జూమ్ లేదు. దూరం పెట్టుకోవడానికి లెన్సు మీద నాలుగు చిన్న బొమ్మలు ఉంటాయి. ఒక మనిషి బొమ్మ అంటే ఒక మీటరు, ఇద్దరైతే మీటరున్నర, గుంపు అయితే మూడు మీటర్లు, కొండ అంటే ఆ పైన ఎంతైనా. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నారో కెమెరా చెప్పదు, మనమే అంచనా వేసుకోవాలి. ముఖం పెద్దగా కావాలంటే మనమే నడిచి దగ్గరకు వెళ్లాలి.

ఈ సంగతులన్నీ ఎందుకు చెబుతున్నామంటే, మొన్నామధ్య మన సంఘంలో ఒక మామ్మగారు కన్నుమూశారు. ఎప్పుడూ ఆఖరి చాప మీద, గోడకు ఆనుకుని కూర్చునే ఆమె. కూడికకు ఫొటో కావాలని ఇంటివారు అడిగారు. మన యవ్వనస్థుల ఫోన్లలో క్రిస్మస్ ఫొటోలు, పెళ్లి ఫొటోలు వందలు ఉన్నాయి. వాటిలో ఆమె లేకపోలేదు. కానీ ఒకదానిలో ఎవరి భుజం వెనుకో సగం ముఖం, మరొకదానిలో పెద్దది చేస్తే చెదిరిపోయే ముఖం. మంచి ఫొటో ఒక్కటీ లేదు.

చివరికి మా ట్రంకు పెట్టెలో దొరికింది, ఈ పాత కెమెరాతో తీసినది. చింతపండు గింజలు తీస్తూ నవ్వుతున్నారు. ఆ రోజు మాకు బాగా గుర్తు. ఇంట్లో తీయబోతే ఎర్ర నాలుక లేచింది. “అరుగు మీదకు రండి మామ్మగారూ” అన్నాము. “నా మొహానికి ఫొటో ఎందుకయ్యగారూ” అంటూనే వచ్చారు. ఒక మనిషి బొమ్మ మీద పెట్టుకుని, ఆమె ముందు మీటరు దూరంలో కింద కూర్చున్నాము. ఒక ఫొటో కోసం అరగంట మాట్లాడుకున్నాము.

ఫోను చెడ్డదని మేము అనడం లేదు. ఈ రోజుల్లో ఫిల్ము ఖరీదు, దాన్ని కడిగించడం ఇంకా కష్టం. ఇలాంటి పాత కెమెరాల్లో సెల్ పాడైపోయినవి కూడా ఉన్నాయి. కొనుక్కోమని మేము చెప్పము. అయితే జూమ్ మనకు ఒక అలవాటు నేర్పింది. కూర్చున్న చోటునుండి కదలకుండానే దగ్గరకు వెళ్లినట్టు అనుకుంటున్నాము. ఫొటోలో పడ్డారు గనుక మనిషిని చూసినట్టే అనుకుంటున్నాము.

ఈ మాట మీకంటే ముందు మాకు తగులుతుంది. చివరి రెండేళ్లలో ఆ అరుగు మీద మేము ఎన్నిసార్లు కూర్చున్నాము? ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే. ఆదివారం ఆమె కనబడితే “వచ్చారు” అనుకుని సరిపెట్టుకున్నాము. ఆ ఫొటో గోడకు పెట్టి పూలదండ వేస్తున్నప్పుడు మాకు ఏడుపు ఆగలేదు.

ప్రియులారా, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను జేబులోనే ఉండనివ్వండి. ఆఖరి చాప మీద ఎవరు కూర్చున్నారో చూడండి. లేచి నడిచి వెళ్లి, మీటరు దూరంలో కూర్చుని, వారి బాగోగులు అడగండి. ఆ తర్వాత వారికి ఇష్టమైతే వెలుతురులోకి తీసుకొచ్చి ఒక్క ఫొటో తీయండి. మేము కూడా ఆ చాప దగ్గరే ఉంటాము.